తుస్సు మేస్త్రీ స్తంభాలు

క్వారీ ఆఫీసు గదిలో మొదట తనిఖీ అధికారి, ఆయన కుడిపక్క క్వారీ యజమాని, ఎదురుగా ముసలి పేలుడు మేస్త్రీ, చిట్టచివర తలుపు దగ్గర మేస్త్రీ కొడుకు కూర్చున్నారు. కిటికీ అవతల, ముళ్లకంచె వెనుక, గాలీ వానా చెక్కిన ఐదు రాతిస్తంభాలు ఆకాశాన్ని మోస్తున్నట్టు నిలబడి ఉన్నాయి. కొండ మొత్తం కంకరైపోగా మిగిలినవి అవే. వాటికోసం రోజూ బస్సులు వస్తాయి. జనం కంచె బయటే నోళ్లు వెళ్లబెట్టి తిరిగిపోతారు.

యజమాని బల్ల చరిచాడు. "ముప్పై ఏళ్లుగా దగ్గరికి పోయే దిక్కు లేదు! అంతా ఈ మహానుభావుడి చలవే. ఐదింటికీ మందు కూరాడు, ఒక్కటీ పేలలేదు. ఎర్రరంగు పూసి చేతులు దులుపుకున్నాడు."

పేలని మందు ఉన్నచోట ఎర్రరంగు పూస్తారు. ఆ దరిదాపుల్లో మళ్లీ ఎవరూ పనిముట్టు ఆనించరాదన్నది క్వారీ కట్టడి. ఆనాడే మేస్త్రీ లైసెన్సు ఊడింది. 'తుస్సు మేస్త్రీ' అన్న పేరు మాత్రం ఇంటిదాకా వచ్చింది. కొడుకు దాన్ని బడిలో విన్నాడు, తన పెళ్లిచూపుల్లోనూ విన్నాడు.

"కంచె తీయాలంటే మందు ఉండకూడదు," అన్నాడు అధికారి. "దాన్ని తవ్వి తీయలేం. ఎల్లుండి దూరం నుంచి పేల్చి స్తంభాలనే కూల్చేస్తాం."

"వద్దండీ," అన్నాడు మేస్త్రీ.

"నువ్వు నోరెత్తకు నాన్నా!" కొడుకు పళ్లు కొరికాడు. "అవి పోతేనైనా మన పీడ విరగడవుతుంది."

మేస్త్రీ లేచాడు. వాకిట్లోని గడ్డపార అందుకుని, ఎవరూ ఆపేలోపే కంచె దాటి, మొదటి స్తంభానికి మందు కూరిన బెజ్జంలో బలంగా పొడిచాడు.

"చస్తావురోయ్!" యజమాని బల్లకింద దూరాడు.

కొడుకు ఒక్క పరుగున వెళ్లి తండ్రి నడుం పట్టుకున్నాడు. మేస్త్రీ విదిలించుకుని మళ్లీ పొడిచాడు. రెండోది, మూడోది, నాలుగోది, ఐదోది. ఏదీ పేలలేదు.

"ఇప్పుడూ తుస్సేనా?" కిటికీలోంచి యజమాని వెక్కిరించాడు.

అధికారి వచ్చి వంగాడు. బెజ్జంలోంచి రాలినదాన్ని వేళ్లతో నలిపి, మేస్త్రీని ఏదో అడిగాడు. మేస్త్రీ తలూపాడు. అధికారి గదిలోకి తిరిగివచ్చి, తీర్మానం తానే రాశాడు. కొడుకు ఆయన భుజం మీదుగా చదివాడు:

"స్తంభాలను కూల్చరాదు. కంచె తొలగించవలెను. వీటిని మనకు దక్కించినందుకు మేస్త్రీగారికి శాఖ కృతజ్ఞతలు తెలుపుకుంటున్నది. ఆనాడు వారు మందుకు బదులు బుద్ధిపూర్వకంగా మట్టి కూరారు."