రెండు ముక్కలైన చక్రం

“ఛీ! అది పాప పాలసీసాలు మరిగించే గిన్నె!”

నా కేకకు మా ఆయన తలైనా తిప్పలేదు. షెడ్డులో కారు పక్కనే స్టౌ పెట్టి, ఇంజను ముందు బెల్టును తిప్పే కొత్త బ్యాలెన్సర్ చక్రాన్ని ఆ గిన్నెలో మరిగిస్తున్నాడు. నీళ్ల మీద నూనె తెట్టు కట్టింది.

“వేడెక్కితే ఇరుసు మీదికి సులువుగా ఎక్కుతుంది. తొమ్మిదితో చదువాపేశావు, నీకేం తెలుస్తుందిలే.”

పాపని ఎత్తుకున్న అత్తయ్య నవ్వింది. “చిన్నప్పట్నుంచీ వాడంతేనమ్మాయ్. శుభ్రమంటే గిట్టదు.”

ఆయన ఇంజనుకున్న పాత చక్రాన్ని పుల్లర్ అనే పనిముట్టుతో బిగించి లాగాడు. బయటి చుట్టు విడిగా ఊడి చేతిలోకొచ్చింది. లోపలి రబ్బరు కుళ్లిన పిండిలా రాలింది.

“రెండు ముక్కలైందేంటండీ?”

“రబ్బరు పోయింది. నెల్నుంచీ ఊగుతూనే ఉంది.”

“దార్లో ఊడుంటే?”

“బెల్టు తెగుద్ది, స్టీరింగు బిగుసుకుపోద్ది. నీకు చెబితే గాభరా పడతావని చెప్పలేదు.”

ఈ నెలలో మూడుసార్లు పాపని ఒళ్లో పెట్టుకుని, లారీల మధ్య ఆ కారులోనే ఆస్పత్రికి వెళ్లాను. ఆయన ఈలపాట పాడుతూ నడిపాడు. గిన్నెను చూసి పుట్టిన అసహ్యం ఇప్పుడు మనిషి మీదికి మళ్లింది.

“గంటలో బిగించేస్తా. రేపు టీకాకి ఇందులోనే వెళ్దాం.”

“మీరు వెళ్లండి. నేనూ పాపా బస్సులో వస్తాం.”

“కొత్తది వేస్తున్నా కదే!”

“చక్రం కొత్తదేనండీ. నడిపేది మీరేగా.”

అత్తయ్య ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. పాపని గుండెకు హత్తుకుని మెల్లగా అంది.

“బస్సు ఎన్నింటికమ్మాయ్? నేనూ వస్తా.”