మూడో ఆమోదం

"చిట్టీ, మీ వాతావరణ ఆఫీసు సైట్‌లో హెచ్చరికేమీ రాలేదంట. మనోళ్లు సముద్రంలోకి పడవలు తోస్తా ఉండారు," జువ్వలదిన్నె రేవు నుంచి నాన్న ఫోన్.

"తుఫాను వస్తా ఉంది నాన్నా! హెచ్చరిక రాసి గంటైంది. ఇద్దరు ఒప్పుకున్నారు, మూడో ఆఫీసరు కూడా ఒప్పుకుంటేగానీ సైట్‌లోకి ఎక్కదు. ఆయన ఫోనెత్తడం లేదు."

"అట్టాంటి సాఫ్ట్‌వేర్ ఎవురు పెట్టినారు?"

"నేనే."

ఉచితంగా దొరికే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్లు నాలుగింటిని నెలరోజులు పరీక్షించి, తప్పుడు కబురు ఒక్కటీ పోకూడదని, మూడు ఆమోదాలు అడిగేదాన్నే ఎంచుకున్నాను.

"పోవద్దని నువ్వన్నా చెప్పు నాన్నా!"

"చెప్పకేం? 'సైట్‌లో వస్తేనే నమ్మండి, ఎవురి మాటా వినబాకండి అని నీ కూతురే గదా చెప్పింది' అంటుండారు."

పేజీ మళ్లీ తెరిచాను. ఆమోదం పెండింగ్‌లోనే ఉంది.

"నీ మాటే వింటా ఉండారమ్మా," అన్నాడు నాన్న.

ఆయన వెనక పడవల ఇంజన్లు ఒక్కొక్కటే మొదలవుతున్నాయి.