గాలిరెక్క నడక

“పదకొండు ఉత్తరాలు. పదకొండు పేర్లు. అన్నిట్లోనూ తప్పు మాత్రం ఒక్కటే,” అన్నాడు మేనేజరు.

ఎదురు కుర్చీలో టైలరమ్మ తల వంచుకుని కూర్చుంది. ఆ టీవీ ఛానెల్లో ప్రేక్షకుల ఉత్తరాలు చూసే విభాగానికి ఆయనే పెద్ద; వాటిని బట్టి సీరియళ్ళలో మార్పులు చేయించేదీ ఆయనే. ఉత్తరాలన్నీ బల్ల మీద వరసగా పరిచాడు.

“మా సీరియల్లో పక్షి పేరు గాలిరెక్క అని రాయాల్సిన చోటల్లా గాలిరేక్క అని ఉంది. ఒకామె గృహిణి, ఒకాయన లెక్చరరు, ఒకాయన డ్రైవరు. ముగ్గురికీ ఒకే చోట దీర్ఘం పడిందా? కవరు వెనక అడ్రసూ ఒకటే. అందుకే పిలిపించాను.”

“రాయడం నేర్చుకుని రెండేళ్ళేనండీ. ఎత్వం, ఏత్వం దగ్గర చెయ్యి తడబడుతుంది.”

మేనేజరుకు నవ్వు వచ్చింది గాని ఆపుకున్నాడు. పక్కనున్న దొంతరలోంచి నాలుగు కాగితాలు తీశాడు.

“ఇవి నిజమైన ఉత్తరాలు. వినండి. ‘పుస్తకంలో గాలిరెక్క కొండల మీదుగా ఎగిరే దూత. మీరు చూపించింది గూట్లోంచి తప్పించుకున్న కోడి.’ ఇంకొకటి. ‘నాలుగడుగులు వేయడానికే ఆపసోపాలు పడేది ఆకాశంలో ఏం ఎగురుతుంది?’ ఈయనైతే అయిదు పుస్తకాలూ మూడేసి సార్లు చదివాడట. కుంటి పక్షిని తీసేయకపోతే సీరియల్ చూడడట. ఇలాంటివి రెండు వేలున్నాయమ్మా. అందుకే వచ్చే వారం నుంచి గాలిరెక్క సీన్లు తీసేస్తున్నాం.”

“టీవీలో చెప్పారండి. అది వినే, తీయొద్దని రాశాను.”

“మీరసలు ఆ పుస్తకాలు చదివారా?”

“రెండు చదివానండి. ఒక్కోటికి నాలుగు నెలలు పట్టింది. రెండోదాంట్లో గాలిరెక్కకు రెక్క విరుగుతుంది. అయినా కోట దాకా నడిచి వెళ్ళి కబురు చెబుతుంది. ఎలా నడిచిందో రాయలేదు. రాయని చోట ఎలా నడిస్తే ఏమండీ?”

 మేనేజరు ఒక్క పుస్తకమూ చదవలేదు.

“ఆ నడకే వచ్చే వారం వచ్చేది. మెట్ల సీను,” అంటూ కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు. “మీరే చూసి చెప్పండి, జనం తిట్టరా?”

తెర మీద పక్షి ముసుగు తొడుక్కున్న ఒక మనిషి కోట మెట్లెక్కుతున్నాడు. మూడో మెట్టు మీద ఆగాడు. మోకాలి మీద చెయ్యి వేసి, కుడి కాలిని ఎత్తి పై మెట్టు మీద పెట్టాడు. మళ్ళీ ఆగాడు. మళ్ళీ ఎక్కాడు. టైలరమ్మ రెప్ప వేయలేదు. అతను కాలెత్తిన ప్రతిసారీ ఆమె వేళ్ళు కుర్చీ చేతిని పట్టుకుంటున్నాయి.

మేనేజరు సీను మధ్యలో ఆపి ఆమెను చూశాడు.

“మీవాడా?”

“తమ్ముడండీ. పుట్టుకతోనే ఒక కాలు పొట్టి. అమ్మ పోయాక నేనే పెంచాను. నాకు అక్షరాలు నేర్పింది వాడే.”

“అదా సంగతి! అక్కను ముందుకు తోసి, తను చక్కగా ఇంట్లో కూర్చున్నాడన్నమాట.”

“వాడు పంపలేదండీ. ఎవర్నీ ఏదీ అడిగే రకం కాదు.”

“ఏం కావాలి చెప్పండి. తెర మీద పేరు వేయాలా? ఇంకో వేషం కావాలా?”

“ఏమీ వద్దండి. ఇంకా మిగిలిన అయిదు వారాలూ తీసినట్టు వెయ్యండి. వాడేం చేశాడో నేను చూడాలి.”

“అంత ముచ్చటగా ఉంటే ఇంట్లోనే అటూ ఇటూ నడిపించి చూసుకోండి.”

 ఆమె లేచి, తన ఉత్తరాలన్నీ పోగుచేసి సంచిలో పెట్టుకుంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

“పోనీ, ఆ మెట్లదొక్కటైనా వెయ్యండి సార్. చివరి మెట్టు ఎక్కాడో లేదో నేను చూడలేదు.”

ఆమె వెళ్ళాక మేనేజరు ఆ సీను చివరిదాకా చూశాడు. తర్వాత ఎడిటరుకు ఫోన్ చేశాడు.

“గాలిరెక్కను తీయకు. అన్నీ ఉంచు. జనం తిడితే నన్ను తిడతారు, నీకెందుకు?”

జనం తిట్టలేదు. మెట్ల సీను వచ్చిన వారం ఉత్తరాల తీరు మారింది. ‘కోడి అని రాసింది నేనే. చెంపలేసుకుంటున్నాను’ అని ఒకాయన రాశాడు. ‘మా పాప కర్ర పట్టుకుని నడుస్తుంది. ఇన్నాళ్ళకు టీవీలో తనలాంటి మనిషిని చూసింది’ అని ఒక తల్లి రాసింది. అయిదు పుస్తకాలూ చదివినాయన మాత్రం ఇంకా అలిగే ఉన్నాడు.

మూడో వారం అయ్యాక మేనేజరు టైలరమ్మను మళ్ళీ పిలిపించాడు. ఈసారి లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

“ఆ రోజు నోరు జారానమ్మా, మనసులో పెట్టుకోకండి. మీకో మంచి మాట చెప్పాలి. ముసుగు వెనకాల ముఖం చూడాలంటున్నారు జనం. రెండో భాగంలో గాలిరెక్కే పెద్ద పాత్ర. ముసుగు తీసేస్తాం. సోమవారం మీ తమ్ముణ్ణి పంపించండి.”

టైలరమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ఇంకా రెండు వారాలున్నాయి కదండీ, తీసినవి?”

“ఉన్నాయి.”

“అవి వెయ్యండి చాలు.”

“అదేమిటమ్మా! వెతుక్కుంటూ వచ్చినదాన్ని వద్దంటారా? అతని తరఫున మీరే తేల్చేస్తే ఎలా? నంబరివ్వండి, నేనే మాట్లాడతాను.”

“వాడు చనిపోయి ఏడు నెలలండీ.”