మేనేజర్ గారు వచ్చేదాకా

"ఐదు నిమిషాలైపోయాయమ్మా. ఇక బయటికి రండి," అన్నాడు ఐసీయూ వాచ్‌మన్.

చిట్టి కాళ్లీడ్చుకుంటూ వచ్చింది.

యాభై ఏళ్లు దాటినా అక్క నోట ఆమె చిట్టే. ఆ పిలుపు చెవిన పడి ఆరేళ్లయింది.

అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి టైలరింగ్ షాపు నడిపేవారు. ఒక గౌను మెడ ఎవరు పాడుచేశారన్న దగ్గర మాటామాటా పెరిగింది. చిట్టి తన కత్తెర తీసుకుని పక్క వీధిలో వేరే షాపు పెట్టుకుంది. రోజూ ఒకే దారిలో నడిచారు గానీ పలకరించుకోలేదు. ఇద్దరిదీ ఒకటే మొండితనం. ముందు నువ్వు దిగిరా అంటే ముందు నువ్వు దిగిరా అనే రకం.

ఆ మెడ పాడుచేసింది చిట్టే. ఆ సంగతి ఆ రోజే ఆమెకి తెలుసు.

ఈ పొద్దున అక్క గుండె మొరాయించిందని కబురొచ్చింది. పడుతూ లేస్తూ వచ్చేసరికి అక్క మందుల మత్తులో ఉంది. ఇచ్చిన ఐదు నిమిషాలూ ఆ మొహం చూడ్డంతోనే సరిపోయాయి.

"అక్క కళ్లు తెరిచేదాకా ఉండనీ బాబూ. ఒక్క మాట చెప్పుకోవాలి."

"నా చేతుల్లో లేదమ్మా. నర్సింగ్ మేనేజర్ గారు ఒప్పుకోవాలి."

"ఆవిడెక్కడ?"

"అదిగో, ఎదురుగా ఆ గది వాళ్లదే. వస్తారు, కూర్చోండి."

చిట్టి ఆ గది ముందున్న బెంచీ మీద కూర్చుంది. మేనేజర్‌ని ఎప్పుడూ చూడలేదు. అయినా ఆ బెంగ లేదు. ముప్ఫై ఏళ్లు కుట్టుమిషను మీద వంగిన కళ్లవి. కుట్టు చూస్తే చాలు, మనిషి స్థాయి చెప్పేస్తుంది.

కాసేపటికి ఐసీయూ తలుపు తీసుకుని ఒక సిస్టర్ వచ్చింది.

"ఏడో బెడ్ చెల్లెలు మీరేనా? లోపలికి రండి. అక్క లేచారు."

చిట్టి సగం లేచింది. అంతలో ఆమె కళ్లు సిస్టర్ చొక్కా మీద పడ్డాయి. ఉతికి ఉతికి వెలిసిన నీలం. జేబు ఊడితే తెల్లదారంతో తనే కుట్టుకున్నట్టుంది, అదీ వంకరగా. చిన్న ఉద్యోగి, పాపం.

"మేనేజర్ గారు ఒప్పుకోవాలట కదా సిస్టర్?"

"నేను చెబుతున్నాను కదమ్మా, రండి."

"మీ మంచితనం కొద్దీ అంటారు. తర్వాత మాట పడేది మీరు."

సిస్టర్ ఏదో అనబోయింది. అప్పుడే లిఫ్టులోంచి ఒకావిడ దిగింది. నల్లకోటు. భుజాలు కొలిచి పోసినట్టున్నాయి. అస్తరు కూడా ఖరీదైన బట్టే.

ఆవిడ వస్తూనే సిస్టర్ మీద పడింది. "మళ్లీ ఇవే బట్టలా? ఆర్డరు చదివారా లేదా? చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

"తర్వాత మాట్లాడదామండీ. లోపల పనుంది."

ఆవిడ విసవిసా మేనేజర్ గదిలోకి వెళ్లి, బల్ల మీద ఒక ఫైలు పడేసి, బయటికొచ్చింది.

చిట్టి చేతులు జోడించి అడ్డం వెళ్లింది. "మేడమ్! మా అక్క ఏడో బెడ్..."

"కూర్చోండి, చూద్దాం," అని ఫోను చెవిన పెట్టుకుని ఆవిడ మళ్లీ లిఫ్టెక్కేసింది.

"ఆవిడ సంగతి వదిలేయండి. మీరు రండి ముందు," అంది సిస్టర్.

"వద్దు సిస్టర్. ఇప్పుడే మీకు అక్షింతలు పడ్డాయి. నా మూలంగా ఇంకోసారి వద్దు. మేడమ్ కూర్చోమన్నారుగా."

లోపల్నించి గంట గణగణా మోగింది. సిస్టర్ ఒక్క పరుగున వెళ్లిపోయింది.

చిట్టి మళ్లీ బెంచీ మీద కూలబడింది. చెప్పాల్సిన మాటని పదిసార్లు లోలోపలే వల్లించుకుంది. 'తప్పు నాదే అక్కా.' మూడే ముక్కలు. ఆరేళ్లుగా గొంతులో అడ్డంపడి ఉన్నాయి. అక్క ఏమంటుంది? ఏమీ అనక్కర్లేదు. చిట్టీ అంటే చాలు. ఆ ఒక్క పిలుపు కోసం ప్రాణం కొట్టుకుపోతోంది.

తలుపు కాస్త తెరుచుకుంది. సిస్టర్ తల బయటపెట్టి చేత్తో రమ్మని పిలిచింది.

చిట్టి లిఫ్టు వైపు చూపించి, మేడమ్ ఇంకా రాలేదని సైగ చేసింది.

లోపల ఎవరో కేకేశారు. తలుపు మూసుకుంది.

అరగంట తర్వాత అదే సిస్టర్ నెమ్మదిగా వచ్చి బెంచీ మీద పక్కనే కూర్చుంది. ఆ కూర్చోవడంలోనే చిట్టికి తెలిసిపోయింది.

"ఒంటరిగా పోలేదమ్మా. నేను చెయ్యి పట్టుకునే ఉన్నాను," అంది సిస్టర్.

చిట్టికి ఏడుపు కూడా రాలేదు. "నన్ను అడిగిందా?"

"చిట్టి వచ్చిందా అన్నారు. బయటే ఉంది అన్నాను. పిలవండి అన్నారు. అప్పుడే మీకు చెయ్యి ఊపాను."

చిట్టి బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

వాచ్‌మన్ కాగితం తెచ్చాడు. "మేనేజర్ గారి సంతకం పడితే ఇంటికి తీసుకెళ్లొచ్చమ్మా."

"ఇంకా రాలేదు కదా బాబూ, ఆ కోటు మేడమ్."

"ఆవిడా? ఆవిడ పై ఆఫీసు మనిషమ్మా. మేనేజర్లంతా కోట్లే వేసుకోవాలని వెంటపడుతుంటారు. కోటేసుకుని పేషెంటుని లేపి కూర్చోబెట్టేదెలా అని మా మేనేజర్ గారు వినిపించుకోరు."

సిస్టర్ అతని చేతిలోంచి కాగితం తీసుకుని, మోకాలి మీద పెట్టుకుని, 'నర్సింగ్ మేనేజర్' అని ఉన్నచోట సంతకం చేసింది.