సందేహాల తాతయ్య

పోస్టు పెట్టి గంట కాలేదు, దాని కింద వ్యాఖ్య దిగింది.

"అమ్మా, నాకో సందేహం. ఇస్త్రీపెట్టెలో ఎర్ర వైరు విప్పమన్నారు. మా పెట్టెలో గోధుమరంగు వైరుంది. ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

ఇంట్లో చేసుకునే రిపేర్ల మీద బ్లాగు రాసే అమ్మాయి పళ్లు నూరుకుంది.

ఐదు నెలలుగా ఇదే వరస. మిక్సీ గురించి రాస్తే మిక్సీ మీద సందేహం, కుళాయి గురించి రాస్తే కుళాయి మీద సందేహం. అక్కాచెల్లెళ్లిద్దరూ ఆయనకి సందేహాల తాతయ్య అని పేరు పెట్టుకున్నారు.

అడిగాడు కదా అని జవాబు వెతికితే, ఒక్కోసారి తను రాసిందే తప్పని తేలేది. చడీచప్పుడు కాకుండా దిద్దుకునేది. దిద్దుకున్న కొద్దీ ఆయన మీద ఒళ్లు మండేది.

నిజం చెప్పాలంటే ఆమె జన్మలో స్క్రూడ్రైవర్ పట్టలేదు. లైబ్రరీలో దొరికిన పాత పుస్తకం ముందు పెట్టుకుని, అందులోది ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోకి మార్చి రాసేది. రాయడం మాత్రం బాగా వచ్చు.

ఆ రాతనే నమ్ముకుని ఉద్యోగం మానేసింది. ఆరు నెలల్లో బ్లాగు మీద సంపాదన నిలబడకపోతే మళ్లీ పాత ఆఫీసుకే పోతానని అక్కకి మాటిచ్చింది. ఇంతవరకూ ప్రకటనల మీద వచ్చింది కరెంటు బిల్లుకి బొటాబొటిగా సరిపోయింది.

ఇప్పుడు పనిముట్లు తయారుచేసే ఒక కంపెనీ ఏడాది ఒప్పందానికి ముందుకొచ్చింది. శుక్రవారం వాళ్ల ఇంజనీరు బ్లాగంతా మరోసారి చూసి ఖాయం చేస్తాడు.

"ఈయన ప్రశ్నలు చూస్తే నాకేమీ రాదనుకోరూ?" అంది అక్కతో.

"అడిగేవాడికి చెప్పేవాడు లోకువని ఊరికే అన్నారా? తీసి పారెయ్" అంది అక్క.

తీసేసింది. ఆయన ప్రశ్నలు, వాటి కింద తన జవాబులు, అన్నీ. మళ్లీ రాకుండా ఆయన్ని బ్లాక్ కూడా చేసింది.

బుధవారం ఫ్యాను రిపేరు మీద పోస్టు పెట్టింది. గంట గడిచింది. ఎవరూ ఏమీ అడగలేదు. ప్రాణం హాయిగా ఉంది.

గురువారం పొద్దున్నే ఎవరో పాఠకురాలు రాసింది. మీరు చెప్పినట్టే స్విచ్చి ఆపి కండెన్సర్ విప్పబోయానని, షాక్ కొట్టి స్టూలు మీంచి పడ్డానని, చెయ్యి విరిగిందని.

స్విచ్చి ఆపినా కండెన్సర్‌లో కరెంటు నిలవ ఉండొచ్చని అప్పుడు వెతికితే తెలిసింది. పోస్టు తీసేసింది. పాఠకురాలికి క్షమాపణ రాసింది.

తాతయ్య ఉండుంటే మొదటి గంటలోనే అడిగేవాడు.

సిగ్గు విడిచి బ్లాక్ తీసింది. మళ్లీ రమ్మని రెండు ముక్కలు రాసి పంపింది. ఆ ఖాతా ఇప్పుడు లేదని వచ్చింది.

శుక్రవారం ఇంజనీరు ఫోన్ చేశాడు.

"బ్లాగులో ప్రశ్నలూ జవాబులూ ఉండేవి, ఏవమ్మా?"

తీసేశానని చెప్పింది. మీ దగ్గరికి మేమొచ్చిందే వాటిని చూసేనన్నాడాయన. ఎవరికీ దెబ్బ తగలకముందే తప్పు దిద్దే చోటు అదొక్కటే కనబడిందన్నాడు. ఒప్పందం సంగతి తర్వాత చూద్దామన్నాడు. ఆ 'తర్వాత' ఎప్పటికీ రాదని ఆమెకి అర్థమైంది.

"ఆ ప్రశ్నలు వేసే ఆయనకి ఇంత తెలుసని నాకెలా తెలుస్తుందండీ? అన్నీ తెలియనట్టే అడిగేవారు" అంది.

"మాకు పాఠం చెప్పినప్పుడూ అంతేనమ్మా. ఎవర్నీ తప్పన్నది లేదు. అడిగి, మా చేతే దిద్దించేవారు. రిటైరయ్యాక ఎక్కడున్నారో మాకెవరికీ తెలియదు. మీ బ్లాగులోనే మళ్లీ కనబడ్డారు."

"అంతటి ఆయన నా బ్లాగుకే ఎందుకొచ్చారండీ?" అంది.

"మీరు ఏ పుస్తకం చూసి రాస్తున్నారో నాలుగు వాక్యాలు చదివితే తెలిసిపోయింది. మేమందరం చదువుకున్నది అదే. అందులో కాలం చెల్లినవి, చెప్పకుండా వదిలేసినవి ఏరి ఏరి అడిగారాయన, అదీ సొంత పేరుతోనే" అన్నాడు ఇంజనీరు. "మీ ముందున్న పుస్తకం అట్ట మీదా అదే పేరుంటుంది, చూసుకోండమ్మా."