రెండో చరణంలో ఖాళీ

“రెండో చరణంలో ఆ దెబ్బ వేస్తావా, నన్ను లేచి ఇంటికి వెళ్ళిపొమ్మంటావా?” అన్నాడు డ్రమ్మర్, వేదిక వెనక గదిలో కూతురికి అడ్డంగా నిలబడి.

“వెయ్యను నాన్నా. రికార్డులో లేని దెబ్బ నేనెందుకు వెయ్యాలి?” అంది చిట్టి.

“అది తప్పే తల్లీ! నేను చేసిన తప్పు. కర్ర జారింది. ఇన్నేళ్ళుగా తోటి వాయిద్యగాళ్ళంతా నన్ను జారుడు మాస్టారని పిలుస్తున్నది చాలదా? ఇప్పుడు నువ్వు మైకు పెట్టి మరీ చాటాలా?”

చిట్టి మంచినీళ్ళు తాగి పెదాలు తడుపుకుంది. ఆమెకి ఆ పెదాలే పెట్టుబడి. బయట బ్యానరు మీద ‘వాయిద్యాల్లేని పాటల పోటీ’ అని పెద్ద అక్షరాలతో రాశారు. ఆమె జట్టులో నలుగురు. ఒకడు పాడతాడు, ఒకడు గొంతు అడుక్కి దించి గిటారవుతాడు, ఒకమ్మాయి ముక్కుతో వయొలినవుతుంది. డ్రమ్ములన్నీ చిట్టి నోట్లోనే ఉంటాయి. వాళ్ళు ఎంచుకున్నది పాత హిట్టు పాట. బస్సుల్లో, మంగలి షాపుల్లో, పిల్లల ఫోన్లలో ఇప్పటికీ మోగుతూనే ఉంటుంది. అందులో డ్రమ్స్ వాయించింది వాళ్ళ నాన్నే.

“జడ్జి ఎవరో తెలుసా?” డ్రమ్మర్ గొంతు తగ్గించాడు. “ఆ పాట కట్టిన సంగీత దర్శకుడే. ఆ ఖాళీ అంటే ఆయనకి ఒళ్ళుమంట. మార్కులు కోసి పారేస్తాడు. నా మాట విని ఒక్క ‘డుమ్’ అనేసెయ్, నీ సొమ్మేం పోయింది?”

“కోస్తే కొయ్యనీ. నీ చేతిని నేను దిద్దను.”

“అంకుల్ చెప్పింది వినవే, ఫైనల్ పోతుంది,” అని గిటారు గొంతువాడు కూడా బతిమాలాడు. చిట్టి వినలేదు. ఆ మొండితనం ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసుకోవడానికి ఎవరూ దూరం వెళ్ళనక్కర్లేదు. లేచి వెళ్ళిపోతానన్న డ్రమ్మర్ వెళ్ళి చివరి వరసలో కూర్చున్నాడు.

పాట మొదలైంది. ముందు గిటారు గొంతు గురగురమంది, దాని మీద వయొలిన్ సన్నగా సాగింది. ఆ తర్వాత చిట్టి అందుకుంది. డుమ్ టక్, డుడుమ్ టక్, మధ్యలో ఛిస్‌మంటూ ఇత్తడి తాళాలు. ముందు వరసలో ఒక లావుపాటి ఆయన లేచి, డ్రమ్ములు ఎక్కడ దాచారో చూద్దామని వేదిక పక్కకి తొంగి చూశాడు. హాలంతా నవ్వింది. వెనక కూర్చున్నవాళ్ళు కుర్చీల చేతుల మీద దరువు వెయ్యడం మొదలుపెట్టారు.

పల్లవి నుంచి చరణంలోకి వెళ్ళేటప్పుడు దెబ్బ వెంట్రుకవాసి ఆలస్యంగా పడాలి. అది డ్రమ్మర్ చేతివాటం. ఆయన దాన్ని ఎవరికీ నేర్పలేదు, నేర్పితే వచ్చేది కూడా కాదు. అదే ఆలస్యం, అదే విరుపు చిట్టి నోట్లోంచి వచ్చింది. డ్రమ్మర్‌కి కోపం ఎటుపోయిందో తెలియదు. గుండె ఉప్పొంగిపోయింది.

“నా కూతురండీ!” అన్నాడు పక్క కుర్చీలో ఉన్న ముక్కూమొహం తెలియనాయనతో.

“ఇప్పటికి మూడుసార్లు చెప్పారు,” అన్నాడాయన.

రెండో చరణం వచ్చింది. అనుకున్నంతా అయింది. చిట్టి అక్కడ నోరు మూసుకుంది. ఆ ఖాళీతో సహా పాట కంఠతా వచ్చిన జనం కూడా సరిగ్గా అక్కడే చేతులు ఆపి, మళ్ళీ అందుకున్నారు. పాట అయిపోయాక హాలు చప్పట్లతో హోరెత్తింది.

జడ్జి మాత్రం చప్పట్లు కొట్టలేదు. మైకు తీసుకున్నాడు.

“అంతా బ్రహ్మాండంగా ఉంది. కానీ రెండో చరణంలో దెబ్బ మింగేశావేం అమ్మాయ్?”

“మా నాన్న ఎలా వాయించారో అలాగే వేశాను సార్. ఆ రికార్డులో డ్రమ్స్ ఆయనవే.”

జడ్జి కళ్ళజోడు తీశాడు. “ఆ పెద్దమనిషి కూతురివా నువ్వు? ఏడీ? వచ్చాడా?”

చివరి వరసలో డ్రమ్మర్ లేచి నిలబడ్డాడు. “కర్ర జారింది సార్,” అన్నాడు అడక్కముందే.

“అబద్ధం! నేను చూస్తూనే ఉన్నానయ్యా. కర్ర నీ చేతిలోనే ఉంది. పైకెత్తి ఆపేశావు. స్టూడియో తలుపు వైపు చూశావు. పాట పూర్తవగానే ఇంకో టేక్ చేద్దామంటే, కర్రలు అక్కడే పారేసి పరుగు లంకించుకున్నావు. గత్యంతరం లేక ఆ టేకే రికార్డుకెక్కించాం. ఆ మంటతోనే నిన్ను మళ్ళీ ఏ పాటకీ పిలవలేదు. ఇన్నేళ్ళయింది, ఇవాళైనా నిజం చెప్పు. సరైన కారణముంటే ఈ పిల్లలకి నిండుగా మార్కులు వేస్తాను. లేదంటే నీ తప్పుకి వీళ్ళు ఫైనల్ పోగొట్టుకుంటారు.”

“జారలేదా నాన్నా?” అంది చిట్టి. చేతిలో మైకు ఉందని మరిచిపోయిందేమో, ఆ మాట హాలంతా వినబడింది.

 డ్రమ్మర్ ఇంట్లో కూడా ఎన్నడూ నోరు విప్పని సంగతి అది. వేదిక మీద నలుగురూ ఆయన వైపే చూస్తున్నారు. 

“తలుపు అద్దం అవతల మా బావమరిది వచ్చి నిలబడ్డాడు సార్. మాట లోపలికి వినబడదని, చేతులతో ఉయ్యాల ఊపి చూపించాడు,” అన్నాడు. “ఆ ఉయ్యాల్లో పిల్లే, ఇదిగో, మీ ముందు మైకు పట్టుకుని నిలబడింది.”