మెట్లకు గేటు

ఇనుప గేటు ఒకటి ఆటో ట్రాలీలో అడ్డంగా పడుకుని గల్లీలోకి వచ్చింది. పైన బల్లెపు మొనలు కూడా ఉన్నాయి.

పాల క్యాన్లు కడుగుతున్న భాగ్యశ్రీ తలెత్తి చూసింది. ఒళ్లు మండిపోయింది.

"ఇదేందయ్యా?"

"మెట్లకు," అన్నాడు ఆమె మొగుడు గోవర్ధన్, పండక్కి తోరణం తెచ్చినంత సంబరంగా.

మాదన్నపేటలోని ఆ గల్లీలో మెట్లన్నీ బయటి నుంచే. ఎవరి మిద్దె మీదికైనా ఎవరైనా ఎక్కిపోతారు. మెట్లకు తలుపు అనే మాటే అక్కడ ఎవరూ ఎరగరు.

గోవర్ధన్‌కు వరద పిచ్చి పట్టి చాలా కాలమైంది. కొన్నేళ్ల కిందట ఒక వానకాలం ఎక్కడో చెరువు కట్ట తెగి, సాయంత్రానికల్లా గల్లీ మునిగింది. కొట్టంలో బర్రెలు కట్టేసినవి కట్టేసినట్టే పోయాయి. ఆ బాధ భాగ్యశ్రీకీ ఉంది. అందుకే మొదట్లో ఆమె ఏమీ అనలేదు.

లారీ ట్యూబులు కొన్నాడు, సరేననుకుంది. మిద్దె మీద గది కట్టి బియ్యం బస్తాలూ నీళ్ల డబ్బాలూ నింపాడు, సరేననుకుంది. మబ్బు పడితే చాలు, కూతురు పూజిత మెడలో విజిల్ వేసి బడికి పంపుతాడు. తోటి పిల్లలు 'కండక్టర్' అని ఏడిపిస్తున్నారు. అదీ దిగమింగింది.

ఇప్పుడు కొత్త బియ్యం వరదకు, పురుగు బియ్యం ఇంటికి. పైన పాతబడ్డవే దింపి వండుకోవాలి మరి. మంచి అన్నం తిని ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

ఈ గేటు మాత్రం గొంతు దిగలేదు.

"ఎవ్వరు రావొద్దని పెడుతున్నవ్?"

"అందరు. నీళ్లొస్తే గల్లీ గల్లంత మన మీద పడతది. జమ చేసింది మందికి పెడితే, నా బిడ్డకేం పెట్టాలె?"

"పైన రూము గూడ మునిగితే?"

"ఎదురుంగ ఆపా వాళ్ల మిద్దె లేదా? ట్యూబులు తెచ్చింది అందుకే."

"మరి ఆమె గూడ గిట్లనే గేటు పెడితే?"

"ఆపా గసొంటి మనిషి కాదు," అన్నాడు గోవర్ధన్, ఎంతో ధీమాగా.

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది భాగ్యశ్రీకి.

ఆపా అంటే ఎదురింటి ఖైరున్నీసా. వాళ్లది మూడంతస్తుల ఇల్లు. గల్లీలో అంత ఎత్తు ఇంకోటి లేదు. ఆ వరదకు గల్లీ అంతా వాళ్ల మెట్లే ఎక్కింది. ఆమె భర్త రహమత్ నడుంలోతు నీళ్లలోంచి వీళ్ల దూడను భుజాల మీద మోసుకొచ్చాడు. అది భయంతో ఆయన వీపంతా పాడు చేసింది. ఇంట్లో పిండి ఉన్నంతవరకు ఖైరున్నీసా రొట్టెలు కాలుస్తూనే ఉంది. మీరెంతమంది అని ఎవరినీ అడగలేదు.

ఆ దూడే ఇవాళ వీళ్లకు పాలిస్తోంది.

"ఆమె మొహం ఎట్ల చూడాలె నేను?"

"అప్పుడు మనకు తెల్వదు. ఇప్పుడు తెలుసు. తెలిసి గూడ తయారుగ లేకపోతే తప్పు నాది." గోవర్ధన్ కొట్టం వైపు చూశాడు. "బర్రెలు ఒర్లుతుంటే నేను విన్న. నువ్వు వినలే."

భాగ్యశ్రీ కడిగిన క్యానే మళ్లీ కడిగింది. కోపం మాత్రం పోలేదు. జాలిపడాల్సిన మనిషి మీద వచ్చే కోపం మరీ పాడుది.

వెల్డింగ్ చేసే కొండల్ పని మొదలుపెట్టాడు. రవ్వలు గల్లీలోకి రాలాయి. వచ్చేపోయేవాళ్లు ఆగి చూసి, ఒక్క మాట అనకుండా వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

"తాళం లోపటికా, బయటికా అన్నా?"

"లోపటికి," అన్నాడు గోవర్ధన్.

గేటు నిలబడే వేళకు ఖైరున్నీసా పాల కోసం గిన్నె పట్టుకుని గల్లీ దాటి వచ్చింది. లోపలికి తప్పుకుందామనుకుంది భాగ్యశ్రీ. కానీ పాలు పోయాల్సింది తనే.

ఖైరున్నీసా గేటును కింది నుంచి పైదాకా చూసింది. తోసి చూసింది. కదల్లేదు.

"మజ్బూత్ ఉంది భాయ్. అచ్ఛా కరే, మంచి పని చేసిండ్రు."

ఆ మాటలో ఎత్తిపొడుపు కోసం వెతికింది భాగ్యశ్రీ. ఎంత వెతికినా దొరకలేదు.

"దొంగలు మస్తయిండ్రు ఆపా, అందుకని..."

"సమజైంది భాగ్యా. మా పిల్లలు గూడ ఎప్పటిసంది లొల్లి చేస్తుండ్రు. పోయినసారి అంతమంది ఎక్కితే మిద్దె ఛత్ పగుళ్లు పట్టింది, గేటు పెట్టు అమ్మీ అని. నేనే వద్దంటుంటి, గల్లీవాళ్లు ఏమనుకుంటరో అని." ఖైరున్నీసా హాయిగా నవ్వింది. "ఇగ ఫికర్ లేదు. మీరే పెట్టిండ్రు గద."

గోవర్ధన్ కొత్త గేటు మీది నుంచి చెయ్యి తీశాడు.

ఆమె కొండల్ వైపు తిరిగింది. "రేపు మాకు గూడ ఇసొంటిదే చెయ్యి భయ్యా. మా మెట్లు జర వెడల్పు. ఇప్పుడే కొలత తీస్కో."

భాగ్యశ్రీ గిన్నెలో పాలు పోసింది. మొగుడి వైపు చూడలేదు.

కొండల్ టేపు తీసుకుని ఎదురింటి మెట్ల దగ్గరికి వెళ్లాడు. ఒక్కడికి అందలేదు.

"అన్నా, ఈ కొస జర పట్టు."

గోవర్ధన్ గల్లీ దాటి వెళ్లి పట్టుకున్నాడు.